శనివారం డబ్బులు: పద్నాలుగు దర్రీ మగ్గాల కేస్ స్టడీ

చేతివృత్తుల వాళ్లకు లెక్కలు, మార్కెటింగ్ పనుల్లో సాయం చేయడం నా వృత్తి. ఈ కేసు 2024 జూన్‌లో మొదలై ఏడాదికి పైగా నడిచింది. సంబంధించిన వాళ్లను అడిగే రాస్తున్నాను. పేర్లు తీసేశాను. గుర్తుపట్టే వీలు లేకుండా అంకెల్ని కొంచెం అటూ ఇటూ జరిపాను గానీ, వాటి మధ్య లెక్క మాత్రం చెడనివ్వలేదు. వరంగల్ దర్రీలు అనగానే అందరూ వరంగల్‌లోని కొత్తవాడ ప్రాంతమే అనుకుంటారు. అక్కడే కావచ్చు, కాకపోవచ్చు.

నేపథ్యం

దర్రీ అంటే మనం జంపఖానా అనేదే. వరంగల్ దర్రీలో విశేషం ఏమిటంటే, ఒక రంగు ఆగి ఇంకో రంగు మొదలయ్యే చోట రెండు పేక దారాలనూ (అడ్డంగా నేసే దారాలు) ఒకదానిలో ఒకటి మెలిపెట్టి నేస్తారు. అందుకే అక్కడ చీలిక పడదు. 2018లో దీనికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకేనని చెప్పే గుర్తు) వచ్చింది. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌కు ఓరుగల్లు తివాచీలు వెళ్లాయన్న ముచ్చట ప్రతి బ్రోచర్‌లోనూ ఉంటుంది. నేసేవాళ్ల కూలి ఎంతో మాత్రం నేను చూసిన ఏ బ్రోచర్‌లోనూ లేదు.

ఈ కేసులో పద్నాలుగు మగ్గాలు, పద్నాలుగు కుటుంబాలు. అందరూ ఒకే మాస్టర్ వీవర్‌కు నేస్తారు. వాడలో ఆయన్ని సేటు అంటారు. నూలు, రంగు, డిజైన్ ఆయనవి. మగ్గం, ఇల్లు, ఒళ్లు వీళ్లవి. నాలుగడుగులు బై ఆరడుగుల దర్రీ నేస్తే 500 రూపాయలు. ఆయన దాన్ని హైదరాబాద్‌లోని ఒక చేతివృత్తుల షాపుకు 1,550కి ఇస్తాడు. షాపు 3,400కి అమ్ముతుంది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

ఫోన్ చేసింది షాపు యజమానురాలు. ఒక కస్టమర్ దర్రీ చేతిలో పట్టుకుని, "ఇందులో నేసినవాళ్లకు ఎంత పోతుందండీ?" అని అడిగిందట. ఈమెకు తెలియలేదు. సిగ్గనిపించి మర్నాడు కనుక్కుంటే 500 అని తేలింది. "నాకు దీన్ని ఫెయిర్ ట్రేడ్ కింద అమ్మాలని ఉంది. లేబుల్ తెప్పించి పెట్టండి. ధర కాస్త పెంచినా మా కస్టమర్లు కొంటారు," అంది.

ఫెయిర్ ట్రేడ్ అంటే తయారుచేసినవాళ్లకు న్యాయమైన ధర ఇచ్చి చేసే వ్యాపారం. ఆమె కోరిక నిజమైనదే. అందులో రెండు తప్పు అంచనాలున్నాయి. లేబుల్ వస్తే న్యాయం వస్తుందన్నది ఒకటి, ధర పెంచితే ఆ పెంపు కిందికి దిగుతుందన్నది రెండు. నేను కూడా రెండింటినీ నమ్మే పనిలోకి దిగాను.

మొదటి తప్పు: లేబుల్ వెంట పడటం

దాదాపు రెండు నెలలు పోగొట్టుకున్నాను. కాఫీ పొట్లాల మీద కనిపించే ఫెయిర్‌ట్రేడ్ గుర్తుకు మూలం 1988లో నెదర్లాండ్స్‌లో మెక్సికో కాఫీతో మొదలైన లేబుల్. దాని పద్ధతి కాఫీ, కోకో, అరటి, పత్తి లాంటి పంటలకు బాగా అతుకుతుంది. రైతుల సంఘానికి కనీస ధర కడతారు, దానిపైన కొంత ప్రీమియం ఇస్తారు, ఆ ప్రీమియాన్ని ఎలా ఖర్చు పెట్టాలో సభ్యులే ఓటేసుకుంటారు. దర్రీకి అలాంటి కనీస ధర ఎవరూ కట్టలేదు, కట్టడం కష్టం కూడా. ఒక్కో డిజైన్‌కు ఒక్కో పనితనం. ఫెయిర్‌ట్రేడ్ పత్తితో తీసిన నూలు కొనొచ్చు, నిజమే. అప్పుడు ఆ గుర్తు పత్తి పండించిన రైతు గురించి చెబుతుంది. అదే నూలును 500కి నేసిన మనిషి గురించి ఏమీ చెప్పదు.

చేతివృత్తులకు వేరే దారి ఉంది. 1989లో మొదలైన వరల్డ్ ఫెయిర్ ట్రేడ్ ఆర్గనైజేషన్ వస్తువును కాకుండా మొత్తం సంస్థను చూస్తుంది, పది సూత్రాల మీద. ఫీజు, ఆడిట్, రాతకోతలు ఉంటాయి. మా పద్నాలుగు మందికి అప్పటికి బ్యాంకు ఖాతా పుస్తకం తప్ప ఇంకో పుస్తకం లేదు. ఫీజు కట్టే డబ్బుతో నూలు కొనుక్కోవచ్చన్నారు. కాదనలేకపోయాను.

ఆ రెండు నెలల్లో మిగిలిందొకటే. పది సూత్రాల్లో డబ్బు చెల్లింపు గురించి ఒకటి ఉంది. చేతివృత్తుల సరుకైతే, తయారీదారు అడిగితే, ఆర్డర్ విలువలో కనీసం సగం వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. చదివి, పక్కన పెట్టేశాను. ఇదేదో చిన్న షరతు అనుకున్నాను.

కండెలు ఎవరి లెక్క?

లేబుల్ వదిలేశాక, ముందు అసలు కూలి ఎంత పడుతోందో తేల్చాలనుకున్నాను. మూడు ఇళ్లలో రెండు వారాలు నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. ఒక పడుగుకు (మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు దారాలకు) ఎనిమిది దర్రీలు వస్తాయి. దర్రీకి రెండు రోజుల నేత. ఎనిమిదికి పదహారు రోజులు, వచ్చేది 4,000. రోజుకు 250. ఈ అంకెకు కింద గీత గీసి, పుస్తకం మూయబోతున్నాను.

ఆ ఇంటి ఇల్లాలు గోడ పక్కన రాట్నం ముందు కూర్చుని ఉంది. రెండు వారాలూ అక్కడే కూర్చుంది. ఎడమ చేత్తో చిలప (నూలు కట్ట) నుంచి వచ్చే దారాన్ని సర్దుతూ, కుడి చేత్తో చక్రం తిప్పుతూ, కండె (పేక దారం చుట్టే చిన్న గొట్టం) నిండగానే తీసి పళ్లెంలో వేస్తూ. ఎర్రవి ఓ పక్కకు, నల్లవి ఓ పక్కకు. నా వైపు చూడకుండానే అడిగింది: "మరి నేను చుట్టిన కండెలు ఎవ్వల లెక్కల రాస్తున్నవ్ అక్కా?"

ఎవరి లెక్కలోనూ రాయలేదు. ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తున్నదాన్ని, నాకే తోచలేదు.

మళ్లీ మొదలుపెట్టాం. దర్రీకి కండెల పని మూడు గంటలు. ఎనిమిదికి 24 గంటలు, అంటే మూడు పనిరోజులు. పడుగు మారినప్పుడు పాత పోగుల చివర్లకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతకాలి, దానికి రోజున్నర. మొత్తం ఇరవైన్నర పనిరోజులు. 4,000ను దానితో భాగిస్తే మనిషికి రోజుకు 195. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ కూలి 300.

ఇక ఎంత ఉండాలి? వాళ్లు రోజుకు 500 అడిగారు. లెక్క వేస్తే షాపు ధర 4,000 దాటుతోంది. ఆ గీత దాటితే అమ్మలేనని యజమానురాలు ముందే చెప్పింది. 400 దగ్గర ఆగాం. ఇది న్యాయమైన కూలి అని నేను అనను. ఉపాధి హామీ కంటే ఎక్కువ, షాపు అమ్మగలిగిన ధరకు లోపల, అంతే. 400 చొప్పున దర్రీకి నేత, అతుకులకు 875, కండెలకు 150 పడ్డాయి. ఈ 150 విడిగా, చుట్టినవాళ్ల ఖాతాలోకే వెళ్లాలని పట్టుబట్టాను. ఇద్దరు మగవాళ్లు అలిగారు. పట్టు వదల్లేదు.

రెండో తప్పు: సేటును దాటెయ్యడం

అప్పటికి నా మనసులో విలన్ ఒక్కడే. సేటు మధ్యలో లేకపోతే, కూలి, నూలు, ప్యాకింగ్ లాంటి ఖర్చులు పోగా దర్రీకి ఆయన తీసుకునే 350 వీళ్లకే వస్తుంది కదా. చేతిలో ఉన్న చిన్న గ్రాంటు డబ్బుతో నూలు కొనిపించి, ఎగ్జిబిషన్లలో నేరుగా అమ్మించాం. మొదటి స్టాల్‌లో బాగానే పోయాయి. రెండోదానిలో వాన. మూడోదాని నుంచి ముప్పై ఒక్క దర్రీలు మడతలు విప్పకుండానే వెనక్కి వచ్చాయి.

డెబ్బై రోజులు తిరిగేసరికి పద్నాలుగు మందిలో పదకొండు మంది మళ్లీ సేటు దగ్గరికే పోయారు. నాకు కోపం వచ్చింది. వాళ్ల మీద వచ్చిందని ఒప్పుకోవాలి. ఎందుకెళ్లారని అడిగితే అందరిలోకీ పెద్దాయన చెప్పిన మాట ఇది: "ఆయన తక్కువిస్తడు బిడ్డా. కానీ శనారం ఇస్తడు."

అప్పుడు అర్థమైంది. సేటు దర్రీ అమ్ముడైనా కాకపోయినా ప్రతి శనివారం వెయ్యో పన్నెండొందలో చేతిలో పెడతాడు. పెళ్లికి, ఆసుపత్రికి బాకీ ఇస్తాడు. పద్నాలుగులో తొమ్మిది ఇళ్లు ఆయనకు బాకీ ఉన్నాయి. 350లో ఆయన లాభమే కాదు, దర్రీ అమ్ముడయ్యేదాకా డబ్బు ఆగిపోయే భారం కూడా ఉంది. నేను ఆయన్ని పక్కకు తప్పించి, ఆ భారాన్ని తీసుకెళ్లి రోజుకు 195 సంపాదించే మనిషి నెత్తిన పెట్టాను. పెట్టుబడి లేని వాడికి ఎక్కువ ధర వస్తుందని చెప్పడం, నెల తర్వాత అన్నం పెడతానని చెప్పడం లాంటిదే.

మొదట్లో పక్కన పెట్టేసిన ఆ సగం అడ్వాన్స్ సూత్రం మళ్లీ తీశాను. ఈసారి చిన్న షరతులా కనిపించలేదు.

ఫొటో గొడవ

మధ్యలో ఒక పిట్టకథ. షాపు వాళ్లు ట్యాగ్ డిజైన్ చేయించి పంపారు. పెద్దాయన ఫొటో, ముడతల మొహం, కింద "మీ కొనుగోలు ఒక పేద నేతన్న ఇంట్లో దీపం" అని. నాకూ బాగుందనిపించింది. ఆయనకు చూపించాను. అద్దాలు పెట్టుకుని చదివి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"మేమేమన్న అడుక్కుంటున్నమా బిడ్డా? జాలిపడి కొన్నోడు ఒక్కసారే కొంటడు. దర్రీ మంచిగుంటె మళ్లొస్తడు."

ఆ ట్యాగ్ అక్కడే ఆగిపోయింది.

చివరికి పని చేసింది

మొదట షాపు మార్జిన్. షాపులన్నీ కొన్న ధరకు ఇంతింతలు అని వేసుకుంటాయి. ఈ షాపుది 2.2 రెట్లు. అంటే నేసే ఇంటికి 500ను 1,025 చేసి 525 పెంచితే, ఆ 525 మీద కూడా షాపు తన వంతు వేసుకుంటుంది. కొత్త పద్ధతిలో షాపుకు పడే ధర 1,900. పాత గుణకారంలో అది 4,180 అవుతుంది. నేనడిగిందల్లా ఒకటే: "ఇప్పుడు మీకు ఒక దర్రీ మీద 1,850 మిగులుతోంది. అద్దె, జీతాలు, కరెంటు ఇవేవీ మా కూలి పెరిగితే పెరగవు కదా. ఆ 1,850నే రూపాయల్లో ఉంచుకోండి." మూడు రోజులు ఆలోచించి సరేనంది. ఈ కేసులో అందరికంటే కష్టమైన నిర్ణయం ఆమెదే అనుకుంటాను.

అలా ధర 3,750 అయ్యింది. కొనేవాళ్లకు పెరిగింది 350, నేసే ఇంటికి పెరిగింది 525. మిగతా 175 సేటు 350లోంచి వచ్చింది. అంచులు, ఉతుకు, ప్యాకింగ్ ఖర్చు ఆయన 40లో కానిచ్చేవాడు, మాకు 65 అయ్యింది. నేసే ఇళ్ల గుంపు ఖర్చులకు 150 పెట్టుకున్నాం.

తర్వాత అడ్వాన్స్. నెలకు నలభై దర్రీలకు ఆర్డర్, ఒకటో తారీఖున సగం డబ్బు, సరుకు అందగానే మిగతా సగం. కాగితం మీద బాగుంది. లెక్క వేస్తే 38,000 అడ్వాన్స్‌లో నూలుకే 26,400 పోతోంది. మిగిలిన 11,600ను ఈ కొత్త పద్ధతిలోకి వచ్చిన తొమ్మిది ఇళ్లకు నాలుగు శనివారాలు పంచితే ఒక్కో ఇంటికి 320 చొప్పున. ఇది చూసి సేటు నవ్వుకునేవాడు.

మార్చింది డబ్బు మొత్తాన్ని కాదు, బస్సును. నెలకోసారి పంపే బదులు ప్రతి సోమవారం పది దర్రీలు బస్సు పార్శిల్‌లో వేశాం. వారం వారం ఆ పదింటి మిగతా సగం 9,500, వచ్చే పదింటి అడ్వాన్స్ 9,500, మొత్తం 19,000 వస్తుంది. నూలుకు 6,600, ఇతర ఖర్చులకు 2,150 పోగా 10,250 కూలి. ఇంటికి శనివారం సుమారు 1,140. పార్శిల్ ఖర్చు పెరిగింది, గుంపు ఖర్చుల్లోంచి భరించాం.

ఇంటికి వారానికి ఒకటి, ఎప్పుడైనా రెండు దర్రీలే కాబట్టి మగ్గానికి సగం పనే. మిగతా సగం సేటుకే నేయమన్నాను. మొదట ఎవరూ నమ్మలేదు. బాకీ ఉన్న మనిషిని ఒక్కసారిగా తెంచుకు రమ్మంటే రాడు, రాకూడదు కూడా. సేటుతో నేనే వెళ్లి మాట్లాడాను. "నూలు కలిసిపోకుంట చూడుండ్రి, నాకేం నొప్పి లేదు," అన్నాడు.

షాపుతో ఒప్పుకున్న ఆర్డర్ల క్యాలెండర్‌లో ఇంకో మాట రాయించాం. జులై రెండో సగం నుంచి ఆగస్టు చివరిదాకా వారానికి ఐదు దర్రీలే. ముసురు పట్టినప్పుడు గుంట మగ్గం గుంటలో చెమ్మ ఊరుతుంది, పడుగు బిగువు తప్పుతుంది, రంగు వేసిన నూలు ఆరదు. ఆ రోజుల్లో ఆర్డర్ ఆలస్యమైందని కోత పెట్టే పద్ధతి ఇంతకుముందు ఉండేది.

కొత్త ట్యాగ్‌లో ఫొటో లేదు. ఆరు వరుసలున్నాయి. నూలు, రంగు 660. నేత 875. కండెలు 150. అంచులు, ఉతుకు, ప్యాకింగ్ 65. గుంపు ఖర్చులు 150. షాపు 1,850. చివరి వరుస వేయడానికి యజమానురాలు భయపడింది. నిజంగానే కొందరు అడిగారు, షాపుకే సగం దాకా ఎందుకని. ఆమె అద్దె చెప్పింది, జీతాలు చెప్పింది. కొందరు ఒప్పుకున్నారు, ఒకాయన దర్రీ అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఇంకొకామె ఆన్‌లైన్‌లో పవర్‌లూమ్ జంపఖానా దీంట్లో నాలుగో వంతుకు దొరుకుతుందంది. దొరుకుతుంది. చేనేతకు మాత్రమే కేటాయించిన పదకొండు రకాల్లో జంపఖానా ఉందని 1985 చట్టం కింద వచ్చిన ఉత్తర్వు చెబుతుంది, బజారు చెప్పదు.

ఆశించనివి

కొత్త ఏర్పాటు మొదలైన నాలుగో నెలలో ముదురు ఎరుపు రంగు వదిలింది. ఒక కస్టమర్ తడి నేల మీద పరిస్తే తెల్ల టైల్స్ గులాబీ రంగయ్యాయి. ఫొటో నాకూ వచ్చింది, చూడగానే టెన్షన్. ఆ లాట్‌లో 22 దర్రీలు. పాత పద్ధతిలోనైతే నేసినవాళ్ల కూలిలోంచే కోసేవారు. తప్పు అద్దకంలో ఉంది, నేతలో లేదు. అందుకని కూలి ముట్టుకోవద్దన్నాను. షాపు వాటిని "రంగు కొద్దిగా వదులుతుంది, విడిగా ఉతకండి" అని రాసి 2,600కి అమ్మింది. దాని మార్జిన్ 700కు పడిపోయింది. 19 పోయాయి. గట్టి రంగులకు మారాం, దర్రీకి 45 పెరిగింది, ట్యాగ్ మీద ధర 3,800 అయ్యింది. నష్టం ఎవరి మీద పడాలన్నది ముందే రాసుకోకపోవడం నా పొరపాటు. ఇప్పుడు ఒప్పందంలో అది మూడో పేరా.

ఇంకొకటి. ఏడాది తిరగకముందే సేటు తన రేటు 500 నుంచి 600 చేశాడు. మా దగ్గరకు రాని ఐదు ఇళ్లకు కూడా. ఆయన మనసు మారిందని నేననుకోను. సగం రోజులు ఇంకోచోట 875 వస్తుంటే, మగ్గం నిలబెట్టుకోవడానికి ఇవ్వక తప్పలేదు. ఆ షాపులో ఎన్నడూ అడుగుపెట్టని ఇళ్లకు ఈ వంద వచ్చింది. బాకీ ఉన్న తొమ్మిది ఇళ్లలో నాలుగు తీర్చేశాయి.

ఇందులోంచి నేను పట్టుకున్నవి

ఇలాంటి పిలుపు ఇప్పుడొస్తే మొదట ధర గురించి అడగను. శనివారం డబ్బు ఎక్కడినుంచి వస్తోందో అడుగుతాను. మధ్యవర్తిని తీసేసే ముందు, ఆయన చేస్తున్న పనులన్నీ ఒక కాగితం మీద రాస్తాను, ఆయన చేస్తున్న మంచితో సహా. పనిగంటలు లెక్కపెట్టేటప్పుడు మగ్గం దగ్గర కాకుండా రాట్నం దగ్గర మొదలుపెడతాను.

కొనేవాళ్లు నన్ను అడిగేది ఒకటే, ఏ గుర్తు చూసి కొనాలని. జీఐ గుర్తు ఎక్కడ నేశారో చెబుతుంది. 2006 నుంచి ఉన్న హ్యాండ్లూమ్ మార్క్ చేత్తో నేశారని చెబుతుంది. రెండూ పనికొచ్చేవే, రెండింటిలోనూ కూలి లేదు. ఫెయిర్ ట్రేడ్ పేరుతో అమ్మే చోట డబ్బు ఎక్కువ పెట్టడానికి నాకు కనిపించే కారణం జాలి కాదు. ఇక్కడ 350 పెడితే 525 చేరింది, ఎందుకంటే మధ్యలో ఉన్న ఏర్పాటు మారింది. పాత ఏర్పాటులోనే ధర పెంచి ఉంటే ఆ 350లో వాళ్లకెంత దక్కేదో చెప్పలేను, బహుశా ఏమీ ఉండేది కాదు. కాబట్టి షాపులో రెండు ప్రశ్నలు అడగమంటాను. నేసేవాళ్లకు ముందే డబ్బిస్తారా? ఇదే గుంపు దగ్గర ఎన్నిసార్లు కొన్నారు? జవాబు వెంటనే వస్తే లేబుల్ లేకపోయినా కొనండి. నీళ్లు నమిలితే, ఎంత అందమైన ఫొటో ఉన్నా ఆలోచించండి.

ప్రస్తుతం

వచ్చే ఏడాది క్యాలెండర్ మీద షాపు ఇంకా సంతకం చేయలేదు. వారానికి పది బదులు ఎనిమిది అంటోంది. తొమ్మిది ఇళ్లకు ఎనిమిది ఎలా పంచాలో గుంపు రెండు ఆదివారాలుగా కూర్చుంటోంది. చిలప నూలు ధర కూడా కదిలింది కాబట్టి ట్యాగ్ మీద మొదటి వరుస మార్చాలి. పాత ట్యాగులు ఇంకా నాలుగు వందలు మిగిలాయి, వాటి మీద పెన్నుతో దిద్దితే చాలదా అని పెద్దాయన అడుగుతున్నాడు.